సగం డేటా తీసేసినా డేటాబేస్ సైజు ఎందుకు తగ్గలేదు? మళ్లీ ష్రింక్ కొట్టాలా?

ముందు మీ సమస్యను క్లుప్తంగా చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. భీమవరం చుట్టుపక్కల సుమారు 200 రొయ్యల చెరువుల్లో సెన్సర్లు పెట్టారు. ప్రతి 5 నిమిషాలకూ చెరువుకో రీడింగ్ వస్తుంది: డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), నీటి వేడి, పీహెచ్, ఉప్పుశాతం. అన్నీ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్‌లో, అంటే 10 జీబీ హద్దున్న ఉచిత ఎడిషన్‌లో, చేరతాయి. మూడున్నరేళ్లకు డేటాబేస్ 10 జీబీకి చేరింది, కొత్త రీడింగులు ఎక్కడం ఆగిపోయింది. మొదటి ఏడాదిన్నర డేటాను, అంటే మూడు కోట్లకు పైగా రికార్డులను, ఒకే డిలీట్‌తో తీసేశారు. ఫైల్ ఒక్క ఎంబీ కూడా తగ్గలేదు. ఎవరో చెబితే ష్రింక్ (ఫైల్‌లోని ఖాళీని విండోస్‌కి తిరిగిచ్చే కమాండ్) కొట్టారు. ఫైల్ 10 నుంచి 8.1 జీబీకి వచ్చింది గానీ, రైతులకిచ్చే రిపోర్ట్ ఎనిమిది సెకన్ల నుంచి నిమిషం పైకి పోయింది. పైగా లాగ్ ఫైల్ (ప్రతి మార్పునూ రాసుకునే ఫైల్) 38 జీబీ అయి కూర్చుంది. ఇప్పుడు ఇంకోసారి ష్రింకా, ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతికే సూచిక) రీబిల్డా, లేక డబ్బు పెట్టి లైసెన్స్ కొనడమా అని అడుగుతున్నారు.

ప్రస్తుతానికి మూడూ వద్దండి. కొత్త రీడింగులు ఎక్కకపోవడం అన్న సమస్య మీరు డిలీట్ చేసిన రోజే తీరిపోయింది. ఫైల్ సైజు తగ్గకపోవడం అసలు సమస్యే కాదు. రిపోర్ట్ నెమ్మదించడం మాత్రం ష్రింక్ తెచ్చిపెట్టింది. ఒక్కొక్కటీ చూద్దాం.

డేటాబేస్ ఫైల్ అంటే రైసు మిల్లు గోడౌన్ లాంటిది. మధ్యలో కొన్ని బస్తాలు లాగేస్తే గోడౌన్ చిన్నదైపోదు, లోపల చోటు ఖాళీ అవుతుంది, అంతే. వచ్చే దాళ్వా ధాన్యం ఆ ఖాళీలోకే వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా విండోస్ దగ్గర చోటు ఒకసారి తీసుకున్నాక తనంతట తాను వెనక్కివ్వదు. ఆ చోటును 8 కేబీ పేజీలుగా, ఎనిమిదేసి పేజీలు కలిపి 64 కేబీ ఎక్స్‌టెంట్లుగా పంచుకుని టేబుళ్లకూ ఇండెక్సులకూ ఇస్తుంది. రికార్డు డిలీట్ అయితే దాని చోటు ఆ పేజీలోనే ఖాళీగా ఉంటుంది. పేజీలో ఒక్క రికార్డు కూడా మిగలనప్పుడే ఆ పేజీ టేబుల్ చేతిలోంచి బయటికి వస్తుంది. (క్లస్టర్డ్ ఇండెక్స్, అంటే టేబుల్ రికార్డులనే కీ వరసలో పేర్చేది, లేని హీప్ టేబుల్ అయితే అది కూడా గ్యారంటీ లేదు, ఖాళీ పేజీలను పట్టుకునే కూర్చుంటుంది. మీది హీప్ కాదు కాబట్టి ఆ గొడవ వదిలేద్దాం.)

ఎక్స్‌ప్రెస్‌లో 10 జీబీ హద్దు డేటా ఫైళ్ల సైజు మీద ఉంటుంది. లాగ్ ఫైల్ ఆ లెక్కలోకి రాదు. ఫైల్ సరిగ్గా 10 దగ్గరే ఆగినా లోపల ఖాళీ ఉన్నంతకాలం కొత్త రికార్డులు హాయిగా ఎక్కుతాయి. లోపల చోటు లేక, ఫైల్ పెరిగే దారీ లేకపోతేనే 1105 ఎర్రర్ వస్తుంది. అందుకే డిలీట్ అయిన మరుక్షణం నుంచి మీ రీడింగులు మళ్లీ ఎక్కడం మొదలయ్యాయి. ఆ ఖాళీని మళ్లీ వాడుకునేది మీ రీడింగులే. రోజుకి 57,600 రికార్డులు వస్తున్న చోట ఖాళీ జాగాను విండోస్‌కి తిరిగిచ్చి, వారం తిరిగేలోపు మళ్లీ అడిగి తీసుకోవడంలో అర్థం లేదు.

సరే, మూడు కోట్లు తీసేస్తే 1.9 జీబీయే ఎందుకు వచ్చింది? మీ కేసులో నాకు బాగా ఆసక్తి కలిగించింది ఇదే. మీరు పెట్టిన టేబుల్ నిర్మాణంలో ప్రైమరీ కీ (ఒక్కో రికార్డును గుర్తించే విలువ) ఒక గైడ్ (GUID). న్యూఐడీ ఫంక్షన్‌తో తయారవుతుంది, క్లస్టర్డ్ కూడా అదే. సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన వాళ్లు ఎక్కడో చూసి పెట్టేసి ఉంటారు, చాలా చోట్ల చూస్తుంటాను. గైడ్ అంటే తలాతోకా లేని అంకె. ఈ క్షణం వచ్చిన రీడింగ్ టేబుల్ మొదట్లో పడొచ్చు, మధ్యలో పడొచ్చు, చివర పడొచ్చు. 2022 రీడింగూ నిన్నటి రీడింగూ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చుంటాయి. కాబట్టి మీరు తేదీని బట్టి పాతవి తీసేసినప్పుడు ప్రతి పేజీలోంచీ కొన్ని పోయాయి, ఏ పేజీ పూర్తిగా ఖాళీ కాలేదు.

లెక్క వేసి చూపిస్తాను. మీ రికార్డు ఒక్కోటి దాదాపు 57 బైట్లు తీసుకుంటుంది, అంటే నిండు పేజీలో 142 పడతాయి. గైడ్ వల్ల నిండిన పేజీల మధ్యలోకే కొత్తవి దూరి, అవి పదేపదే రెండుగా చీలిపోతుంటాయి కాబట్టి సగటున 70 శాతమే నిండి ఉంటాయి, అంటే పేజీకి సుమారు వంద. 7.35 కోట్ల రికార్డులకు టేబుల్ ఒక్కటే 5.7 జీబీ. చెరువు నంబరు, సమయం మీద ఉన్న రెండో ఇండెక్స్ మరో 4.3 జీబీ. మొత్తం 10. ఆ రెండో ఇండెక్స్‌లో మాత్రం ఒక్కో చెరువు పాత రీడింగులు వరసగా ఒకచోటే ఉంటాయి. అవి తీసేసినప్పుడు పేజీలకు పేజీలే ఖాళీ అయ్యాయి. 4.3లో 43 శాతం అంటే 1.85 జీబీ. మీకు ష్రింక్‌లో వచ్చిన 1.9 అక్కడిదే! అసలు టేబుల్ నుంచి దాదాపు ఏమీ రాలేదు. అది 5.7 జీబీ దగ్గరే ఉంది, కాకపోతే పేజీకి వంద ఉండేచోట ఇప్పుడు 57 ఉన్నాయి.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. ఎస్‌పీ_స్పేస్‌యూజ్డ్ నమ్మకండి, అది సగం ఖాళీ పేజీని కూడా డేటా కిందే లెక్క చెప్తుంది. సిస్.డీఎం_డీబీ_ఇండెక్స్_ఫిజికల్_స్టాట్స్‌ను శాంపిల్డ్ మోడ్‌లో నడపండి. మామూలు లిమిటెడ్ మోడ్‌లో మనకు కావలసిన కాలమ్ నల్ వస్తుంది, అది చూసి చాలామంది ఏమీ లేదనుకుని వదిలేస్తారు. ఆ కాలమ్ పేరు యావరేజ్ పేజ్ స్పేస్ యూజ్డ్ ఇన్ పర్సెంట్. మీ టేబుల్‌కి అది 40 దరిదాపుల్లో ఉంటుందని నా అంచనా.

ఈ అంకెను నేను అంతగా ఎందుకు పట్టించుకుంటానంటే, ఎక్స్‌ప్రెస్‌కి మెమరీ హద్దు కూడా ఉంది. డేటా పేజీలు దాచుకునే బఫర్ పూల్ 1,410 ఎంబీ దాటదు. సర్వర్‌లో 16 జీబీ ర్యామ్ వేసినా, 32 వేసినా అంతే. డిస్క్‌లో సగం ఖాళీగా ఉన్న పేజీ మెమరీలోకి కూడా సగం ఖాళీగానే వస్తుంది. మీకున్నదే 1,410 ఎంబీ, అందులో అరవై శాతం గాలి నింపుకుని నడుస్తున్నారు. రిపోర్ట్ అడిగిన ప్రతిసారీ డిస్క్ దగ్గరికి పరుగెత్తక ఏం చేస్తుంది పాపం.

ఫ్రాగ్మెంటేషన్ అనగానే అందరూ పక్కనున్న ఇంకో కాలమ్ చూసి టెన్షన్ పడతారు. అది పేజీల వరస ఎంత చెదిరిందో చెప్తుంది. ఇనుప పళ్లాలు తిరిగే పాత హార్డ్ డిస్కుల కాలంలో దానికి విలువ ఎక్కువ. ఎస్‌ఎస్‌డీ మీద దాని ప్రభావం బాగా తగ్గింది. 5 శాతం దాటితే రీఆర్గనైజ్, 30 దాటితే రీబిల్డ్ అని అందరూ శ్లోకంలా అప్పజెప్పే అంకెలు మైక్రోసాఫ్ట్ పాత డాక్యుమెంటేషన్‌లోవి. ఏదో ఒక అంకె చెప్పాలి కాబట్టి తనే ఊహించి పెట్టానని అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ వాటిని ఇచ్చిన పాల్ రాండల్ తర్వాత స్వయంగా రాశారు. వెయ్యి పేజీల లోపు ఉన్న చిన్న ఇండెక్సులను పట్టించుకోవద్దన్నదీ అలాంటి ఉజ్జాయింపే, కాకపోతే అది పనికొచ్చే ఉజ్జాయింపు. నా మట్టుకు నేను పేజీ ఎంత నిండిందన్నదే ముందు చూస్తాను, వరస సంగతి తర్వాత.

అయితే మీ విషయంలో వరస కూడా పాడైంది. ష్రింక్ పని చేసే తీరు అలాంటిది. ఫైల్ చివరి నుంచి ఒక్కో పేజీని తీసి, ముందు వైపు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పడేస్తుంది. అది ఏ ఇండెక్స్‌దో, దాని పక్క పేజీ ఏదో చూడదు. చెరువు వారీగా చక్కగా ఉన్న రెండో ఇండెక్స్ దాదాపు తలకిందులై ఉంటుంది. మీ రిపోర్ట్ నడిచేదే ఆ ఇండెక్స్ మీద. మీ సర్వర్‌లో ఇంకా పాత హార్డ్ డిస్కే ఉందన్నారు, ఇక నిమిషం పట్టడంలో వింతేముంది.

ఇప్పుడు చాలామంది ఇచ్చే సలహా: ష్రింక్ కొట్టావు కదా, రీబిల్డ్ కొట్టు. కొట్టి చూడండి, మళ్లీ చోటు చాలదన్న ఎర్రరే వస్తుంది. రీబిల్డ్ అంటే ఇండెక్స్‌కి పూర్తిగా కొత్త కాపీ కట్టి, అది తయారయ్యాకే పాతదాన్ని వదలడం. మీ టేబుల్ పూర్తిగా నిండిన పేజీల్లో కట్టినా 2.3 జీబీ కావాలి. మీ ఫైల్ 8.1 దగ్గర ఉంది, 10 దాకా పెరగడానికి ఉన్నది 1.9. చాలదు. ఒకవేళ చాలినా ఫైల్ మళ్లీ పెరుగుతుంది, అది చూసి మళ్లీ ష్రింక్ కొట్టాలనిపిస్తుంది, వ్యవహారం మొదటికొస్తుంది. ప్రతి ఆదివారం ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి నడిచేలా జాబ్ పెట్టుకున్న ఆఫీసులు నాకు తెలుసు. చేతిలో పనుందన్న తృప్తి తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మీకు సరిపోయేది రీఆర్గనైజ్. ఇది కొత్త కాపీ కట్టదు. ఉన్న పేజీల్లోనే రికార్డులను దగ్గరికి జరిపి, ఖాళీ అయిన పేజీలను వదిలేస్తుంది, వరస కూడా సర్దుతుంది. దానికి అదనంగా కావలసింది ఒక్క పేజీ చోటు. చిన్న చిన్న ట్రాన్సాక్షన్లుగా నడుస్తుంది, మధ్యలో ఆపేసినా అప్పటిదాకా చేసిన పని ఎక్కడికీ పోదు. నెమ్మదిగా పోతుంది, ఓపిక పట్టాలి. అది అయ్యాక మీ టేబుల్ 2.3 జీబీకి, రెండో ఇండెక్స్ 1.3 జీబీ లోపుకి వస్తాయి. 8.1 జీబీ ఫైల్లో నాలుగున్నర జీబీ ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ లోపలే ఉండనివ్వండి.

ఒక్క మాట, రీఆర్గనైజ్ స్టాటిస్టిక్స్‌ని (క్వెరీ ఎలా నడపాలో తేల్చుకోవడానికి సర్వర్ దాచుకునే డేటా అంచనాలను) అప్‌డేట్ చేయదు. రీబిల్డ్ చేస్తుంది. రీబిల్డ్ కొట్టగానే క్వెరీ వేగం పెరిగిందని చెప్పేవాళ్లలో చాలామందికి నిజానికి పనిచేసింది స్టాటిస్టిక్సే. అందుకని రీఆర్గనైజ్ తర్వాత అప్‌డేట్ స్టాటిస్టిక్స్ విడిగా నడపండి. ఆ మాటకొస్తే, ఈ రోజే ముందుగా అదొక్కటీ నడిపి రిపోర్ట్ ఎంతసేపు పడుతోందో చూడండి. మూడు కోట్ల రికార్డులు మాయమయ్యాక పాత అంచనాలతో ప్లాన్ వేసుకుంటోందేమో ఎవరికి తెలుసు.

ఈ పని ఎప్పుడు పెట్టాలన్నది మామూలు ఆఫీసుల్లో ప్రశ్నే కాదు, తెల్లవారుజామున మూడింటికి పెట్టేస్తారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. రాత్రంతా చెరువులో మొక్కా, జీవీ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి, తయారయ్యేది ఉండదు. డీవో అట్టడుగుకి పోయేది సరిగ్గా సూర్యోదయానికి ముందే. రైతు ఫోన్‌కి ఏరేటర్లు వేయమని అలర్ట్ పోవలసిన సమయం అది. ఆ గంటలో డేటాబేస్ పేజీలు జరుపుకుంటూ డిస్క్‌ను ఊపిరాడకుండా చేస్తే, మీ సాఫ్ట్‌వేర్ ఉండీ లేనట్టే. ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా డీవో పైన ఉంటుంది, అలర్టులు తక్కువ. మీ మెయింటెనెన్స్ అప్పుడు పెట్టండి. ముసురు పట్టిన రోజుల్లో అయితే పగలు కూడా పెట్టకండి, వాయిదా వేయండి. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (పనులను వేళకి నడిపే సర్వీస్) ఉండదు కాబట్టి ఎస్‌క్యూఎల్‌సీఎండీ స్క్రిప్ట్ రాసి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి. అంతకంటే ముందు ఫుల్ బ్యాకప్ తీసి, ఆ ఫైల్‌ను ఆ మెషిన్ నుంచి వేరే చోటికి కాపీ చేసి పెట్టండి. బ్యాకప్ సైజు తగ్గుతుందని ష్రింక్ చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకో మాట: ఎవరికీ కేటాయించని చోటును బ్యాకప్ అసలు కాపీ చేయదు. ష్రింక్‌కి ముందూ తర్వాతా బ్యాకప్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

ఇక 38 జీబీ లాగ్. సిస్.డేటాబేసెస్‌లో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ అనే కాలమ్ చూడండి. లాగ్_బ్యాకప్ అని కనిపిస్తే డేటాబేస్ ఫుల్ రికవరీ మోడల్‌లో (లాగ్ బ్యాకప్ తీసేదాకా లాగ్‌ను వదలని పద్ధతిలో) ఉందని, లాగ్ బ్యాకప్‌లు ఎవరూ తీయడం లేదని అర్థం. ఫుల్ అంటే భద్రం అనుకుని ఎవరో మార్చి ఉంటారు. లాగ్ బ్యాకప్ తీయని ఫుల్ మోడల్ వల్ల భద్రతా లేదు, డిస్క్ మాత్రం తినేస్తుంది. కరెంటు పోయి డిస్క్ పాడైతే ఎంతసేపటి రీడింగులు పోయినా పర్వాలేదో మీ యజమానిని అడగండి. ఒక రోజు పోతే పోనీ అంటే సింపుల్ మోడల్ (లాగ్‌ను తనే ఖాళీ చేసుకునేది), రోజూ బ్యాకప్. గంట కూడా పోకూడదంటే ఫుల్ మోడల్‌లోనే ఉండి, ప్రతి పావుగంటకో అరగంటకో లాగ్ బ్యాకప్. మధ్యే మార్గం లేదు.

ఏ మోడల్‌లో ఉన్నా మూడు కోట్ల రికార్డులను ఒకే డిలీట్‌లో తీస్తే లాగ్ పెరిగి తీరుతుంది. ట్రాన్సాక్షన్ ముగిసేదాకా, అవసరమైతే వెనక్కి తిప్పడానికి, ఆ లాగ్ మొత్తం దగ్గర ఉంచుకోవాలి కదా. ఇకమీదట విడతలుగా తీయండి, టాప్ 4000 పెట్టి లూప్‌లో, అంటే విడతకు నాలుగు వేల రికార్డులు. ఐదు వేల లాక్‌లు దాటితే సర్వర్ మొత్తం టేబుల్‌నే లాక్ చేయబోతుంది, అప్పుడు రీడింగులు క్యూ కడతాయి. అందుకే నాలుగు వేలు.

లాగ్ ఫైల్‌ను మాత్రం ఒక్కసారి ష్రింక్ చేయొచ్చు, అందులో తప్పేమీ లేదు. కారణం సరిచేశాక, 2 జీబీకి దింపి అక్కడే ఉంచండి. పెరుగుదలను శాతాల్లో కాకుండా 256 ఎంబీ అని పెట్టండి. పాత స్క్రిప్టులతో తయారైన డేటాబేసుల్లో డేటా ఫైల్ 1 ఎంబీ చొప్పున, లాగ్ 10 శాతం చొప్పున పెరిగే సెట్టింగ్ ఉండిపోతుంది. 2016 నుంచి డిఫాల్ట్ రెండిటికీ 64 ఎంబీ. కొంచెం కొంచెంగా వందలసార్లు పెరిగిన లాగ్ లోపల వీఎల్ఎఫ్ అనే చిన్న ముక్కలు వేలల్లో తయారవుతాయి. మామూలు రోజుల్లో వాటి సంగతి తెలియదు. మన దగ్గర మే నెల ఈదురుగాలికో, నవంబర్ తుఫానుకో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేశాక, సర్వర్ మళ్లీ లేచినప్పుడు తెలుస్తుంది. డేటాబేస్ పేరు పక్కన ఇన్ రికవరీ అని పెట్టుకుని ఎంతకీ తెరుచుకోదు. అవతల గాలివానకి చెరువులు అల్లకల్లోలంగా ఉంటాయి, రైతులు ఫోన్ల మీద ఫోన్లు. ఆ రోజు కోసం లాగ్‌ను ఇప్పుడే సరిచేసుకోవాలి. ఆటో ష్రింక్ ఆన్‌లో ఉంటే అదీ ఆపేయండి, దాన్ని వెనకేసుకొచ్చే కారణం ఒక్కటి కూడా నాకు కనిపించలేదు.

ఇదంతా ఇప్పటి మంట ఆర్పడానికి. టేబుల్ నిర్మాణం మార్చకపోతే రెండేళ్లకు మళ్లీ ఇక్కడికే వస్తారు. గైడ్ తీసేయండి. చెరువు నంబరు, సమయం, ఈ రెండూ కలిపితే రీడింగ్‌ను గుర్తించడానికి సరిపోతుంది, అదే ప్రైమరీ కీ, అదే క్లస్టర్డ్. దీనివల్ల మూడు లాభాలు. రెండో ఇండెక్స్ అక్కర్లేకుండా పోతుంది, దాదాపు సగం చోటు అక్కడే మిగులుతుంది. సిగ్నల్ పోయి వచ్చాక డివైస్ పాత రీడింగులను మళ్లీ పంపితే డూప్లికేట్లు కీ దగ్గరే ఆగిపోతాయి. 16 బైట్ల గైడ్ మోత కూడా తప్పుతుంది. క్లస్టర్డ్ కీ ప్రతి ఇతర ఇండెక్స్‌లోకీ కాపీ అవుతుందని చాలామంది గమనించరు.

దాంతోపాటు టేబుల్‌ను నెలవారీ పార్టిషన్లు (విడివిడి భాగాలు) చేయండి. 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఇది ఎక్స్‌ప్రెస్‌లోనూ ఉంది, పేజ్ కంప్రెషన్ కూడా. నడుస్తున్న నెలలో 200 చెరువులకు 200 చోట్ల రికార్డులు పడుతుంటాయి కాబట్టి పేజీలు కొంత ఖాళీగానే ఉంటాయి, ఉండనివ్వండి. నెల దాటాక ఆ ఒక్క పార్టిషన్‌ను పేజ్ కంప్రెషన్‌తో రీబిల్డ్ చేయండి. నెలకు 17 లక్షల రికార్డులు, కంప్రెషన్ లేకుండానే వంద ఎంబీ ఉండదు, ఒక మధ్యాహ్నం టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు, కాబట్టి ఫ్రాగ్మెంటేషన్ అన్న మాటే ఉండదు. రెండేళ్లు దాటిన నెలను తీసేయాలంటే డిలీట్ అక్కర్లేదు, ట్రంకేట్‌కి (మొత్తం ఒకేసారి ఖాళీ చేసే కమాండ్‌కి) పార్టిషన్ నంబరు ఇస్తే చాలు. లాగ్ పెరగదు, సగం ఖాళీ పేజీలు మిగలవు, చోటు పూర్తిగా ఆ క్షణమే తిరిగొస్తుంది.

తీసేసే ముందు రైతు ఏం అడుగుతాడో ఆలోచించండి. వనామీ పంట మూడు నాలుగు నెలల్లో పట్టుబడికొస్తుంది. ఇప్పటి పంటకీ, కిందటి పంటకీ ఐదు నిమిషాల రీడింగులు ఉంటే చాలు. అంతకు ముందువి గంటకో రికార్డుగా కుదించి వేరే టేబుల్లో పెట్టండి, పన్నెండో వంతుకి వస్తాయి. కాకపోతే సగటు ఒక్కటే దాచి ఊరుకోకండి. డీవో గంట సగటు 4 ఉండొచ్చు, మధ్యలో పది నిమిషాలు 2 కిందికి పోయి ఉండొచ్చు. రొయ్య చచ్చేది ఆ పది నిమిషాల్లోనే. కనిష్ఠం, గరిష్ఠం, సగటు మూడూ ఉంచండి. కావాలంటే ఈ పాత టేబుల్‌ను వేరే డేటాబేస్‌లో పెట్టుకోవచ్చు, 10 జీబీ హద్దు ఒక్కో డేటాబేస్‌కి విడివిడిగానే.

లైసెన్స్ సంగతి. పై పనులు చేశాక స్టాండర్డ్ (డబ్బు కట్టి తీసుకునే ఎడిషన్) కొనాల్సిన అవసరం మీకు ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. 2025 వెర్షన్‌లో ఎక్స్‌ప్రెస్ హద్దును 50 జీబీకి పెంచారు, ఎప్పుడో ఒకప్పుడు దానికి మారొచ్చు. అయితే ఈ సగం ఖాళీ పేజీలనే మోసుకుని అక్కడికి వెళ్తే రిపోర్ట్ అక్కడా ఇలాగే ఏడుస్తుంది. ఆ డబ్బుతో ముందు ఒక మంచి ఎస్‌ఎస్‌డీ కొనండి.

కింద కామెంట్లలో ఒకాయన పోస్ట్‌గ్రెస్‌కి మారిపోతే ఈ బాధలుండవన్నారు. మంచి డేటాబేసే, కానీ ఈ బాధ అక్కడ వేరే వేషంలో ఉంటుంది. మామూలు వ్యాక్యూమ్ (డిలీట్ అయినవాటిని శుభ్రం చేసే అక్కడి కమాండ్) ఖాళీని లోపల వాడుకోవడానికి సిద్ధం చేస్తుంది తప్ప, టేబుల్ చివర పేజీలు పూర్తిగా ఖాళీ అయితేనే ఓఎస్‌కి ఇస్తుంది. వ్యాక్యూమ్ ఫుల్ కొడితే టేబుల్ మొత్తం కొత్తగా రాస్తుంది, అంతసేపూ చదవడానికి కూడా ఎవర్నీ రానివ్వదు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో ఐబీడేటా1 ఫైల్ పెరగడమే గానీ డిలీట్ చేసినంత మాత్రాన తగ్గడం ఉండదు. టేబుల్‌కో ఫైల్ ఉంటే ఆప్టిమైజ్ టేబుల్‌తో తగ్గించొచ్చు, అదీ కొత్త కాపీ కట్టడమే. ఒరాకిల్ వాళ్లు హై వాటర్ మార్క్ అంటూ ఇదే కథ చెప్తారు. ఎక్కడికెళ్లినా కీ ఎలా ఎంచుకున్నారు, పాత డేటా ఎలా తీస్తున్నారు అన్నవే తేలుస్తాయి.

ముందు బ్యాకప్, తర్వాత స్టాటిస్టిక్స్, ఆ తర్వాత ఎండ కాసిన మధ్యాహ్నం రీఆర్గనైజ్. అది పూర్తయ్యాక రెండు ఇండెక్సుల పేజీ నిండుదనం అంకెలూ, రిపోర్ట్ పట్టే సమయమూ ఇక్కడ పెట్టండి. గైడ్ తీసేదాకా కొత్త రీడింగులు నిండు పేజీలను మళ్లీ చీలుస్తూనే ఉంటాయి కాబట్టి, ఈ మధ్యకాలానికి ఫిల్ ఫ్యాక్టర్ (పేజీని ఎంత శాతం దాకా నింపాలన్న సెట్టింగ్) ఎంత పెట్టాలో ఆ అంకెలు చూసి చెప్తాను.